ఏ బడి గురించి ఎందుకని అడుగుతాం?

2018 మార్చి 24న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. అంతకు ఐదారు వారాల ముందు, ఫిబ్రవరి 14న, ఫ్లోరిడా రాష్ట్రం పార్క్‌ల్యాండ్‌లో ఒక హైస్కూల్లోకి 19 ఏళ్ళ కుర్రాడు తుపాకీతో చొరబడి 17 మందిని చంపాడు. అందులో 14 మంది అక్కడ చదువుకునే పిల్లలే. ప్రాణాలతో బయటపడ్డ వాళ్ళ స్నేహితులే ముందు నిలబడి ఆ ఊరేగింపు నడిపించారు. ఆరోజు వేదికెక్కిన వాళ్ళలో ఒక నల్లజాతి పాప ఉంది. వయసు 11 ఏళ్ళు. పక్కనే వర్జీనియాలో ఐదో తరగతి చదువుతోంది. జాతీయ పత్రికల మొదటి పేజీకి ఎప్పుడూ ఎక్కని నల్లజాతి ఆడపిల్లల తరఫున మాట్లాడటానికి వచ్చానని ఆ పాప చెప్పింది.

ఆమె మనసులో ఉన్నది అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ నగరంలో జరిగిన సంఘటన. పార్క్‌ల్యాండ్ తర్వాత మూడు వారాలకు, మార్చి 7న, అక్కడి హఫ్‌మన్ హైస్కూల్లో సాయంత్రం బడి వదిలే వేళకు ఒక తుపాకీ పేలింది. 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. కాలేజీలో సీటు వచ్చింది, నర్సు కావాలనుకుంది. దేశమంతా బడి తుపాకుల గురించే మాట్లాడుకుంటున్న రోజులవి. అయినా ఆమె వార్త అలబామా దాటి పెద్దగా బయటికి రాలేదు. మార్చి 14న దేశవ్యాప్తంగా పిల్లలు తరగతుల్లోంచి లేచి వచ్చి పార్క్‌ల్యాండ్ మృతులు 17 మంది కోసం 17 నిమిషాలు నిలబడ్డారు. వర్జీనియా పాప తన బడిలో 18 నిమిషాలు నిలబడాలని పట్టుబట్టింది. చివరి నిమిషం బర్మింగ్‌హామ్ అమ్మాయి కోసం.

ఆ పద్దెనిమిదో నిమిషం ఎందుకు అవసరమైందో ఈరోజు మాట్లాడదలచుకున్నాను. ఫలానా సంఘటనకు ఎన్ని కాలమ్‌లు ఇచ్చారు, ఎన్ని గంటలు చూపించారు అనే లెక్క కాదు నేను చెప్పేది. కొన్ని బడుల్లో రక్తం చిందితే పత్రికలు, టీవీలు ఇలా ఎందుకు జరిగిందని అడుగుతాయి. మరికొన్ని బడుల్లో అదే జరిగితే ఆ ప్రశ్నే పుట్టదు. అక్కడ అది మామూలే అన్నట్టు రాసేసి ముందుకు పోతాయి. వార్తలో మొదలైన ఈ తేడా అక్కడితో ఆగదు. ఆ బడులకు ప్రభుత్వం ఏం పంపించాలో కూడా అదే తేలుస్తుంది.

కొంచెం వెనక్కి వెళదాం. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ తూర్పు కొసన థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఉండేది. ఎక్కువగా నల్లజాతి, లాటినో పిల్లలు చదివే పేద ప్రాంతం బడి. 1992 ఫిబ్రవరి 26న మేయర్ డేవిడ్ డింకిన్స్ అక్కడికి వచ్చి పిల్లలతో మాట్లాడాలి. ఆయన రావడానికి కాసేపటి ముందే బడి లోపల ఇద్దరు విద్యార్థుల్ని మరో విద్యార్థి కాల్చి చంపాడు. అంతకు మూడు నెలల ముందు కూడా అదే బడిలో ఒక ప్రాణం పోయింది. వార్త రాకపోలేదు, వచ్చింది, పెద్దదిగానే వచ్చింది. అయితే అది నగర నేరాల వార్తగా వచ్చింది. చంపిన పిల్లవాడి మనసులో ఏముందని ఆరా తీసినవాళ్ళు తక్కువ. ఆ ప్రాంతం అలాంటిదే అన్న మాట సరిపోయింది. ఆ రోజుల్లో న్యూయార్క్ బడులు చేతికందుకున్న ప్రధాన ఆయుధం లోహాన్ని పట్టే మెటల్ డిటెక్టర్. పొద్దున్నే పుస్తకాల సంచీ యంత్రంలోంచి పంపి, చేతులెత్తి నిలబడి, తరగతికి వెళ్ళాలి. 1998లో ఆ నగరంలో బడుల భద్రత అంతా పోలీసు శాఖ చేతికి వెళ్ళిపోయింది.

మధ్యలో 1995లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ డియూలియో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. జాలి దయ తెలియని కొత్త తరం కుర్రాళ్ళు నగరాల మీద విరుచుకుపడబోతున్నారని అందులో హెచ్చరించాడు. సూపర్ ప్రెడేటర్లు అని వాళ్ళకో పేరు పెట్టాడు. పత్రికలు, టీవీలు ఆ పేరును ఎత్తుకుని తిరిగాయి. ఎవరి పిల్లల గురించి మాట్లాడుతున్నారో చదివేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. వ్యాసం అచ్చయ్యేనాటికే బాల నేరస్థుల హింస తగ్గుముఖం పట్టింది. ఆ తర్వాత ఏళ్ళలో బాగా తగ్గింది. తన అంచనా తప్పిందని డియూలియో తర్వాత ఒప్పుకున్నాడు కూడా. కానీ ఈలోగా, ఆ దశాబ్దంలో, దాదాపు అన్ని రాష్ట్రాలూ పిల్లల్ని పెద్దల కోర్టుల్లో విచారించడం సులువయ్యేలా చట్టాలు మార్చుకున్నాయి. అచ్చులో తప్పయితే సవరణ వేసుకోవచ్చు. జైల్లో గడిచిన బాల్యానికి సవరణ ఎక్కడ వేస్తాం?

ఇప్పుడు కొలంబైన్. 1999 ఏప్రిల్ 20. కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ శివార్లలోని బడి. ఎక్కువమంది తెల్లవాళ్ళు, ఓ మాదిరి కలిగిన కుటుంబాలు. అక్కడే చదివే ఇద్దరు కుర్రాళ్ళు 12 మంది విద్యార్థుల్ని, ఒక టీచర్‌ని చంపి తామూ చచ్చిపోయారు. టీవీ హెలికాప్టర్లు పైన తిరుగుతుంటే దేశమంతా ఇళ్ళల్లో కూర్చుని ఆ పిల్లలు చేతులు తల మీద పెట్టుకుని బయటికి పరుగెత్తడం చూసింది. ఇలాంటివి ఇక్కడ జరగవని ఆ చుట్టుపక్కల వాళ్ళు విలేకరులతో చెప్పుకున్నారు. ఆ బాధలో అబద్ధం లేదు. అయితే ఆ మాట వార్తల్లో పదే పదే వినిపించేసరికి, ఇలాంటివి జరిగే చోటు వేరే ఉందన్న నమ్మకం కూడా దానితోపాటే వినేవాళ్ళ చెవిన పడింది.

టైమ్ పత్రిక ఆ ఇద్దరి ఫొటోలతో ముఖచిత్రం వేసింది. పక్కింటి రాక్షసులు అన్నది శీర్షిక. కింద ఒక ప్రశ్న: వీళ్ళు ఇలా చేయడానికి కారణమేంటి? ఆ ప్రశ్న వెంట విలేకరులు ఏళ్ళ తరబడి నడిచారు. వీడియో గేములా, పాటలా, తోటివాళ్ళ వేధింపులా, తల్లిదండ్రులా, మందులా? ప్రతిదాన్నీ తవ్వారు. తవ్వకంలో తప్పులూ దొర్లాయి. పొడవాటి నల్లకోట్ల ముఠా అని, ఆటల పోటీల్లో గెలిచే కుర్రాళ్ళ మీద కక్ష అని మొదటి వారంలోనే ఒక కథ పాతుకుపోయింది. డేవ్ కలెన్ అనే విలేకరి పదేళ్ళు ఆ సంఘటన వెంటే ఉండి 2009లో రాసిన పుస్తకంలో దాన్నంతా విప్పి, అందులో చాలా భాగం నిజం కాదని చూపించాడు. ఒక బడి గురించి పదేళ్ళు! నాకు ఆ పదేళ్ళ మీద ఫిర్యాదు లేదు. అలాంటి పని ఇంకా జరగాలనే కోరుకుంటాను. జెఫర్సన్ హైస్కూలుకు అందులో పదో వంతైనా ఎవరు ఇచ్చారన్నదే నా బాధ.

కొలంబైన్ ప్రజలకు ఆ వార్తల వెలుగు మేలే చేసిందని కూడా అనలేను. హంతకుల ముఖాలు ముఖచిత్రాలెక్కాయి. తర్వాతి ఏళ్ళలో ఎందరో కుర్రాళ్ళు ఆ ఇద్దర్నీ ఆదర్శంగా పెట్టుకున్నట్టు విచారణల్లో బయటపడింది. అందుకే హంతకుల పేర్లు, ఫొటోలు వాడొద్దని ఇలాంటి కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే ఉద్యమం నడుపుతున్నారు. కెమెరాలు రాకపోతే ఒక బాధ, వస్తే ఇంకొక బాధ.

ఇంకో సంఘటన చెబుతాను. మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన రెడ్ లేక్ అనే ప్రాంతం ఉంది. ఓజిబ్వే ఆదివాసుల నేల. అక్కడి భూమి ఏ ఒక్కరి సొంతం కాదు, తెగ మొత్తానిది. పరిపాలన వాళ్ళదే, పోలీసులూ వాళ్ళవాళ్ళే. 2005 మార్చి 21న 16 ఏళ్ళ కుర్రాడు ముందు తన తాతను, తాతతో ఉన్న ఆమెను చంపాడు. పోలీసు ఉద్యోగి అయిన తాత ఆయుధాలు తీసుకుని, ఆయన కారులోనే బడికి వెళ్ళాడు. అక్కడ ఐదుగురు విద్యార్థులు, ఒక టీచర్, ఒక గార్డు ప్రాణాలు కోల్పోయారు. ఆ గార్డు చేతిలో ఆయుధం లేదు. అయినా ఎదురెళ్ళాడు. చివరికి ఆ కుర్రాడు తనను తాను కాల్చుకున్నాడు. కొలంబైన్ తర్వాత అప్పటిదాకా అమెరికా హైస్కూళ్ళలో అంత ఘోరం జరగలేదు.

అదే వారంలో అమెరికా టీవీలన్నీ మరో కథ చుట్టూ తిరుగుతున్నాయి. ఫ్లోరిడాలో ఏళ్ళ తరబడి స్పృహ లేకుండా ఉన్న ఒక మహిళకు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం ఆపాలా వద్దా అన్న వివాదం అది. ఆ విషయంలో చట్టం మీద సంతకం చేయడానికి అధ్యక్షుడు జార్జ్ బుష్ టెక్సాస్‌లో సెలవు మధ్యలో ఆపుకుని వాషింగ్టన్ వచ్చాడు. రెడ్ లేక్ గురించి ప్రజల ముందు ఆయన స్వయంగా మాట్లాడటానికి శనివారం రేడియో ప్రసంగం దాకా పట్టింది. ఆ గార్డు ధైర్యాన్ని అప్పుడు మెచ్చుకున్నాడు. ఈ మౌనం ఎందుకని ఆదివాసీ నాయకులు అప్పటికే బాహాటంగా నిలదీస్తున్నారు.

బయటి విలేకరులు రెడ్ లేక్‌కు వచ్చారు, రాలేదని కాదు. తెగ పెద్దలు వాళ్ళను ఊరంతా తిరగనివ్వలేదు, ఒక చోటికే పరిమితం చేశారు. దుఃఖంలో ఉన్న ఇళ్ళ తలుపులు తట్టొద్దన్నారు. తమ నేల మీద ఎవరు తిరగాలో చెప్పే హక్కు వాళ్ళకుంది. దాంతో చాలామంది విలేకరులు దూరం నుంచే కథనాలు అల్లారు. అక్కడి పేదరికం ఎంత, నిరుద్యోగం ఎంత, మద్యం ఎంత, ఆత్మహత్యలు ఎన్ని. ఇవన్నీ నిజాలే, చెప్పాల్సినవే. కానీ కొలంబైన్ గురించి రాసేటప్పుడు ఆ శివారు కుటుంబాల సగటు ఆదాయాన్నీ, అక్కడివాళ్ళు తాగే బీరునీ లెక్కగట్టి కారణంగా చూపించిన వాళ్ళు కనబడరు. తెల్లవాళ్ళ ఊళ్ళో అయితే నేరం ఆ ఇద్దరు కుర్రాళ్ళది. ఆదివాసుల ఊళ్ళో అయితే అది తెగ మొత్తం లక్షణం. నా దృష్టిలో ఈ విషయమంతటికీ కీలకం ఇక్కడే ఉంది.

మొత్తం సమాజం మీద వేసే ఈ బరువు వలస వచ్చినవాళ్ళకు బాగా తెలుసు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మందిని చంపిన విద్యార్థి దక్షిణ కొరియాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. ఆ సంగతి తెలియగానే కొరియన్ చర్చీలు, సంఘాలు క్షమాపణలు చెప్పుకున్నాయి. 32 రోజులు వంతులవారీగా ఉపవాసం ఉందామని కొరియా రాయబారి తన వాళ్ళకు సూచించాడు. కొలంబైన్ తర్వాత తెల్లవాళ్ళ తరఫున ఎవరూ ఉపవాసం ఉండలేదు, ఉండమని ఎవరూ అడగలేదు కూడా. ఆనాటి మృతుల్లో తమిళనాడు నుంచి వెళ్ళిన ప్రొఫెసర్ ఒకాయన, ముంబై నుంచి వెళ్ళిన విద్యార్థిని ఒకామె ఉన్నారు. అమెరికాలోని మన తెలుగు ఇళ్ళల్లోనూ ఇలాంటి వార్త రాగానే రెండు భయాలు ఒకేసారి లేస్తాయి: పోయినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారా, చంపినవాడు మనలాంటి రంగువాడా?

2012 ఏప్రిల్ 2న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఓయికోస్ అనే చిన్న క్రైస్తవ యూనివర్సిటీలో ఏడుగురు హతమయ్యారు. నడిపేది కొరియన్లు, చదివేది ఎక్కువగా వలస వచ్చి నర్సింగ్ నేర్చుకునేవాళ్ళు. కొన్నాళ్ళకే దేశం మరచిపోయింది. ఏడాది తర్వాత జే కాస్పియన్ కాంగ్ అనే రచయిత న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌లో దాని గురించి రాస్తే, ఆ వ్యాసానికి పెట్టిన శీర్షికే ‘ఆ ఇంకో బడి కాల్పులు’ అన్న అర్థంలో ఉంది. అమెరికన్లు మొదటిది ఏదని అడగకుండానే గుర్తుపట్టారు. ఆ వ్యాసానికి మూడున్నర నెలల ముందు, 2012 డిసెంబరు 14న, కనెక్టికట్‌లోని శాండీ హుక్ ఎలిమెంటరీ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు.

ఇక నాకు ఇష్టమైన ఉదాహరణ. రేడియోలో మాట్లాడుతూ రేడియో గురించి చెప్పడం సంతోషంగా ఉంది. షికాగో దక్షిణ భాగంలో హార్పర్ హైస్కూల్ ఉండేది. దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే. ఒకే ఏడాదిలో ఆ బడిలో చదువుతున్న, అప్పుడే చదువు ముగించిన పిల్లల్లో 29 మందికి తుపాకీ గుళ్ళు తగిలాయి. ఎనిమిది మంది చనిపోయారు. ఇవి ఒక్కరోజున, ఒకే గదిలో జరగలేదు. ఒకసారి ఒకడు, ఇంకోసారి ఒకడు, వీధుల్లో, ఇంటి ముందు. కాబట్టి ఏ రోజూ అది బ్రేకింగ్ న్యూస్ కాలేదు. షికాగో పత్రికల్లో ముఠాల తగాదా అంటూ ఒకటి రెండు పేరాల్లో అయిపోయేది.

దిస్ అమెరికన్ లైఫ్ అనే రేడియో కార్యక్రమం వాళ్ళు ముగ్గురు విలేకరుల్ని ఆ బడికి పంపించారు. ఐదు నెలలు అక్కడే ఉన్నారు. 2013 ఫిబ్రవరిలో రెండు వారాలు, రెండు గంటలు ప్రసారం చేశారు. ముఠా అనే మాట వెనక ఏముందో అందులో పిల్లలే చెప్పారు. ముఠాలో చేరాలా వద్దా అన్నది అక్కడ పిల్లవాడి ఇష్టం కాదు. ఏ వీధిలో ఉంటే ఆ వీధి ముఠావాడి కిందే జమ. చదువుకునేవాడైనా, గొడవలంటే పడనివాడైనా అంతే. కొందరు పిల్లలు ఫుట్‌పాత్ మీద కాకుండా రోడ్డు మధ్యన నడుస్తారు. బయటినుంచి చూసేవాళ్ళకు అది పొగరుగా కనిపిస్తుంది. చెట్ల చాటు నుంచో ఇళ్ళ సందుల నుంచో ఎవరైనా వస్తే ముందే కనబడాలని వాళ్ళు అలా నడుస్తారు. ఏ రోజు ఏ పిల్లవాణ్ణి ఏ దారిన ఇంటికి పంపాలో ఆలోచించే ప్రిన్సిపాల్, ఏడవడం కూడా మానేసిన పిల్లవాడి పక్కన కూర్చునే సోషల్ వర్కర్, వాళ్ళందరి గొంతులూ విన్నాం. పార్క్‌ల్యాండ్‌కీ కొలంబైన్‌కీ దక్కిన ఆ ప్రశ్న, ఎందుకని అడగడం, హార్పర్‌కు అప్పుడు దక్కింది. కొన్ని వారాలకు అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా, తాను పుట్టి పెరిగిన ఆ దక్షిణ షికాగోలోని బడికి వెళ్ళి పిల్లలతో మాట్లాడింది. కొన్నేళ్ళకు ఆ బడి మూతపడింది. రేడియో దాన్ని ఆపలేకపోయింది. కానీ హార్పర్ పిల్లల్ని ఒక్క మాటతో తోసేయడం విన్నవాళ్ళకు ఇక సాధ్యం కాదు.

అంకెల సంగతి కొంచెం. అమెరికా ప్రభుత్వం బడుల భద్రత మీద ఏటా నివేదిక ఇస్తుంది. బడికి వెళ్ళే వయసు పిల్లల హత్యల్లో బడి ఆవరణలో జరిగేవి నూటికి మూడు కన్నా తక్కువని అది చెబుతూ వస్తోంది. మిగతావన్నీ ఇళ్ళల్లో, వీధుల్లో. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సొంతంగా లెక్క తీసి, కొలంబైన్ నాటి నుంచి బడి వేళల్లో కాల్పులు జరిగిన బడుల్లో చదువుతున్న పిల్లలు 1,87,000 మందికి పైనే అని 2018 మార్చిలో ప్రకటించింది. నల్లజాతి పిల్లల వాటా అందులో వాళ్ళ జనాభా వాటాకన్నా చాలా ఎక్కువ. టీవీ చూసే మనిషికి గుర్తుండే బాధిత ముఖం మాత్రం వేరు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు సామూహిక కాల్పుల వార్తల్ని పరిశీలించి 2018లో ఒక వ్యాసం వెలువరించారు. అవి బడుల వార్తలే కాదు, అన్ని రకాలవీ. కాల్చినవాడు తెల్లవాడైతే మానసిక రుగ్మతను కారణంగా చెప్పడం ఎక్కువని, నల్లవాడైతే ఆ వివరణ చాలా తక్కువని అందులో తేలింది. రోగం ఉన్నవాడికి వైద్యం కావాలని అందరూ ఒప్పుకుంటారు. స్వభావమే అంత అని తీర్మానించినవాడికి మిగిలేది కటకటాలే. బడుల్లో సస్పెన్షన్లు చూడండి, నల్లజాతి పిల్లలకు తెల్ల పిల్లలకన్నా మూడు రెట్ల చొప్పున పడుతున్నాయని అమెరికా విద్యాశాఖే 2014లో చెప్పింది. దీనంతటికీ వార్తలే కారణమని అనను. ఏ పిల్లవాణ్ణి చూసి టీచర్‌కైనా గార్డుకైనా ముందు భయం వేస్తుందో, ఆ భయాన్ని పెంచి పోషించడంలో వార్తల వాటా మాత్రం పెద్దది.

ఎవరి మాట నమ్ముతాం అన్నది మరో ప్రశ్న. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీ పట్టణంలో రాబ్ ఎలిమెంటరీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు హతమయ్యారు. మెక్సికో మూలాలున్న కుటుంబాలే ఆ ఊళ్ళో ఎక్కువ. పోలీసులు తుపాకీకి ఎదురు పరుగెత్తారని మర్నాడు గవర్నర్ గ్రెగ్ అబాట్ మెచ్చుకున్నాడు. మొదటి రోజుల్లో వార్తలూ అధికారుల మాటనే మోశాయి. బడి బయట నిలబడ్డ తల్లిదండ్రులకు నిజం అప్పటికే తెలుసు. లోపలికి వెళ్ళమని పోలీసుల్ని బతిమాలుతూ, అరుస్తూ ఫోన్లలో తీసిన వీడియోలు వాళ్ళ దగ్గరున్నాయి. మూడు రోజులకే తనను తప్పుదారి పట్టించారని గవర్నరే ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్కడికి 376 మంది పోలీసులు చేరారని, ఆ హంతకుణ్ణి ఆపడానికి గంటా పావు దాటిందని తర్వాత విచారణలో తేలింది. ఆ ఊరి చిన్న పత్రిక యువాల్డీ లీడర్ న్యూస్ ఆ వారం మొదటి పేజీని మొత్తం నల్లగా వేసి తేదీ ఒక్కటే ముద్రించింది. పెద్ద పత్రికలు, టీవీలు కలిసి పోలీసు రికార్డుల కోసం కోర్టుకెళ్ళాయి. నగరపాలక సంస్థ వాటిని 2024 ఆగస్టులో బయటపెట్టింది. రెండేళ్ళకు పైగా పట్టువదలని ఆ విలేకరుల్ని నేను మనసారా గౌరవిస్తాను.

మన దగ్గరి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. అమెరికా బడిలో కాల్పులు జరగ్గానే మన ఛానెళ్ళలో మొదట పరిగెత్తే స్క్రోలింగ్ బాధితుల్లో తెలుగువాళ్ళు ఉన్నారా అన్నది. లేరని తెలిస్తే రెండో పూటకి ఆ వార్త ఉండదు. సొంతవాళ్ళ కోసం కంగారుపడటం సహజం. కానీ ఇంట్లో కూడా ఇదే కొలత వాడుతున్నాం. 1989లో ఈనాడు జిల్లాలకు వేరే పేజీలు మొదలుపెట్టింది. తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. ఊరి వార్తకు అచ్చులో చోటు దొరికింది, అది గొప్ప మేలు. దాంతోపాటే ఒక గోడ కూడా లేచింది. హైదరాబాద్‌లో పేరున్న కార్పొరేట్ బడిలో పిల్లవాడికి దెబ్బ తగిలితే అది మెయిన్ పేజీలో వస్తుంది, సాయంత్రం చర్చ పెడతారు, పిల్లల మనస్తత్వం తెలిసిన డాక్టర్లు వస్తారు. ఏజెన్సీలోని గిరిజన ఆశ్రమ పాఠశాలలో పిల్ల చనిపోతే ఆ జిల్లా పేజీలోనే ఉండిపోతుంది, పక్క జిల్లావాళ్ళకు కూడా కనబడదు. అక్కడికి ముందుగా చేరేది చాలీచాలని డబ్బుకు పనిచేసే కంట్రిబ్యూటర్. అతను హాస్టల్‌కి వెళతాడు, తోటి పిల్లల్ని అడుగుతాడు, వార్డెన్ రాత్రిళ్ళు ఉంటున్నాడో లేదో, నర్సు పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో కనుక్కుని రాస్తాడు. డెస్కులో చోటు చాలక వార్తను కోసేటప్పుడు మొదట పోయేది ఆ పేరాయే. సబ్ ఎడిటర్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళను ఒకటే అడుగుతున్నాను. ఇంకేది తీసేసినా సరే, ఆ పేరా ఉంచండి. దాన్ని మెయిన్‌కి పంపండి.